బెల్‌ఫాస్ట్‌కు పోయిన రొయ్యలు

2021 ఫిబ్రవరిలో, రేపల్లె దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, నాణ్యతా విభాగం మేనేజరుగా ఉన్న నాకు ఎగుమతి పత్రాల విభాగం కూడా అప్పగించారు. అప్పటికి నేను ఆ ప్లాంటులో చేరి పదకొండేళ్లయింది. రోజూ తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి వెళ్లి, సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేవాణ్ణి. ఎండీ శేషగిరి గారు నన్ను పిలిచి, పత్రాలు చూసే పెద్దాయన మానేశాడని, కొత్తవాళ్లకు అప్పజెప్పే కాలం కాదని, నేనైతే నిశ్చింతగా ఉంటుందని అన్నారు. నిశ్చింతగా ఉండాల్సిన కాలం కాదని నాకూ తెలుసు. అయినా ఆ మాట వినడానికి బాగుండటంతో ఒప్పుకున్నాను.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. నిజాంపట్నం, చెరుకుపల్లి వైపు చెరువుల్లో పట్టిన రొయ్య మా ప్లాంటుకు వచ్చి, తల తీయించుకుని, పొట్టు ఒలిపించుకుని, గడ్డకట్టి, అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంది. చెరువు దగ్గర ఒకసారి, ప్లాంటులో మరోసారి మందుల అవశేషాలకు పరీక్ష చేస్తారు. ఇవన్నీ సరిగ్గా జరిగాయని ప్రభుత్వ తనిఖీ విభాగం ఒక ఆరోగ్య ధృవపత్రం ఇస్తుంది. మేం ఏ దేశం పేరు రాసి ఏ నమూనా అడిగితే, ఆ నమూనాలో వస్తుంది. కంటైనరులో ఎంత మంచి సరుకున్నా ఆ కాగితం తప్పయితే అవతలి రేవులో అది చెత్త కింద లెక్క. రొయ్య కంటే కాగితానికే ఎక్కువ కాపలా కాయాలన్నది కొత్తగా చేరినవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే మాట.

నాకు బాధ్యత వచ్చిన సమయం అలాంటిది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి వచ్చేసింది. ఆ వార్త తెనాలి టీ కొట్ల దగ్గర నాలుగు రోజులు నలిగి, ఎవరికీ పనికిరాదని తేలి, ఆగిపోయింది. మా ప్లాంటులో మాత్రం అప్పుడే మొదలైంది. అంతవరకు యూరప్ అంతటికీ ఒకే నమూనా ధృవపత్రం. స్పెయిన్‌కు పంపినా, బెల్జియంకు పంపినా, ఇంగ్లండుకు పంపినా పైన దేశం పేరు మార్చుకుంటే సరిపోయేది. ఇకపైన యూనియన్‌కు ఒక నమూనా, బ్రిటన్‌కు ఇంకో నమూనా. మొదట్లో కొన్నాళ్లు పాతది కూడా ఒప్పుకుంటామన్నారు. ఆ వెసులుబాటు ముగిసే లోపు అలవాటు పడాలని నేను రెండు నమూనాలూ ప్రింటు తీయించి, గోడకు పక్కపక్కనే అతికించాను.

అసలు చిక్కు ఉత్తర ఐర్లండ్ దగ్గర ఉంది. ఆ ప్రాంతం బ్రిటన్ ప్రభుత్వం కిందే ఉంటుంది, కానీ దాని నేల సరిహద్దు యూనియన్‌లోనే మిగిలిన ఐర్లండ్‌తో. అక్కడ పాత గొడవల్లో చాలామంది చచ్చిపోయారు. మళ్లీ ఆ గీత మీద చెక్‌పోస్టులు పెడితే ఏమవుతుందోనన్న భయంతో, తిండి సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండ్ యూనియన్ నిబంధనలే పాటించాలని ఒప్పందం చేసుకున్నారు. దాంతో నేల మీద ఉండాల్సిన తనిఖీ సముద్రం మీదికి, అంటే ఒకే దేశంలోని రెండు రేవుల మధ్యకు వచ్చింది. దాని మీద అక్కడ పార్టీలు విడిపోయాయి, రేవుల దగ్గర నిరసనలు జరిగాయి.

ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. ఎగుమతిదారులకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టినప్పుడు చెప్పారట. ఆ ముక్క చెప్పే సమయానికి నేను లేచి, ఐస్ గదిలో మోటారు చప్పుడు తేడాగా ఉందని చూడటానికి వెళ్లాను. మోటారు బాగానే ఉంది.

నా పని పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే పుట్టింది. నాణ్యతా విభాగంలో ప్రతి పరీక్షకూ, పత్రాల విభాగంలో ప్రతి కంటైనరుకూ ఒకే తరహా వర్కింగ్ షీటు ఉంటుంది. ఫలితం ఖాయం చేసే ముందు గానీ, ధృవపత్రానికి దరఖాస్తు పెట్టే ముందు గానీ వివరాలన్నీ అందులో రాసుకుంటాం. తయారుచేసినవారి సంతకం కింద ఎడమవైపు, సరిచూసినవారి సంతకం కుడివైపు. మధ్యలో సందేహాలకు ఖాళీ జాగా. ఒకసారి విదేశాల నుంచి వచ్చిన ఆడిటరు ఒక షీటులో మిగిలిపోయిన సందేహాన్ని పట్టుకుని, దానికి జవాబేదని పూట గడిచేదాకా మమ్మల్ని కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి నేనొక నియమం పెట్టాను. సందేహం పెన్సిల్‌తోనే రాయాలి, తీరగానే నేను రబ్బరుతో చెరిపేస్తాను, ఫైలు శుభ్రంగా లోపలికి వెళ్తుంది. నా ఫైళ్లు చూసి ఆడిటర్లు మెచ్చుకునేవాళ్లు. నేను మురిసిపోయేవాణ్ణి. నా టేబుల్ మీద రబ్బరు ఎప్పుడూ ఉండేది.

పత్రాల విభాగంలో నా కింద పనిచేసిన అమ్మాయి నాగమణి. ఊరు బాపట్ల. ఆక్వాకల్చర్ డిగ్రీ చేసి, ఆ ఏడాదే చేరింది. చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సులో వచ్చేది, ఆ బస్సు ఆలస్యమైన రోజున కూడా నాకంటే ముందే కుర్చీలో ఉండేది. ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉంది. పని నచ్చితే ఖాయం చేస్తారు, లేకపోతే చిన్న ఉత్తరంతో పంపించేస్తారు. ఈ తీరంలో ప్లాంట్లవాళ్లందరికీ ఒకరితో ఒకరికి ఫోన్లున్నాయి. కాగితాల్లో తప్పు చేసిందని ఒకచోట పేరు పడితే ఇంకోచోట లోపలికి రానివ్వరు.

ఆగస్టులో ఇంగ్లండు కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చింది. అతను ఏళ్లుగా మా దగ్గర సరుకు కొంటున్నాడు. అన్నీ ఇంగ్లండులోనే దింపుకుని, బెల్‌ఫాస్ట్‌లోని తన గోదాముకు కావలసింది ఓడ మీద లారీలో పంపుకునేవాడు. ఇప్పుడు తన ఒక గోదాము నుంచి తన ఇంకో గోదాముకు పంపుకోవడానికే కాగితాలు ఎక్కువైపోయాయని, ఇకపైన బెల్‌ఫాస్ట్ సరుకు నేరుగా బెల్‌ఫాస్ట్‌కే పంపమని రాశాడు. ఆ చిరాకు వెనకున్న కారణాన్ని నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

నాగమణి షీటు తయారుచేసి తెచ్చింది. సందేహాల జాగాలో పెన్సిల్‌తో, గుండ్రటి చేతిరాతతో, బెల్‌ఫాస్ట్‌కు బ్రిటన్ నమూనానా, యూనియన్ నమూనానా అని రాసి ఉంది.

"బెల్‌ఫాస్ట్ ఏ దేశంలో ఉందమ్మా?" అన్నాను.

"యునైటెడ్ కింగ్‌డమ్‌లోనేనండి. కాకపోతే ఆ శిక్షణలో ఏదో వేరేగా చెప్పినట్టు గుర్తు సార్. ఒకసారి కనుక్కుంటే..."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈ పత్రాలు చూస్తున్నాను" అని గోడ మీద రెండో కాగితం, బ్రిటన్ నమూనా వైపు చూపించాను. ఆ మాట కూడా అబద్ధమే. పత్రాలు నా చేతికొచ్చి ఆరు నెలలే. ఆమె షీటు వెనక్కి తీసుకుంది. బ్రిటన్ నమూనా అని నింపి తెచ్చింది. నేను కుడివైపు సంతకం చేసి, రబ్బరు తీసుకుని ఆమె ప్రశ్నను శుభ్రంగా చెరిపి, కాగితం మీద పొట్టును నోటితో ఊదేశాను.

కంటైనరు వెళ్లింది. పెద్ద ఓడలో కొంత దూరం, చిన్న ఓడలోకి మారి మిగతా దూరం. అక్టోబరులో బెల్‌ఫాస్ట్ రేవులో ఆపేశారు. ఇక్కడికి యూనియన్ నమూనా కావాలి, మీరిచ్చింది బ్రిటన్ నమూనా అన్నారు. సరైనది ఇప్పుడు పంపుతామంటే కుదరదన్నారు. సరుకు మన దేశం దాటకముందు ఇచ్చిన ధృవపత్రమే చెల్లుతుంది. ఓడ ఎక్కాక పుట్టిన కాగితానికి విలువ లేదు. మాకు మిగిలినవి మూడే దారులు. వెనక్కి తెప్పించుకోవడం, అక్కడే ధ్వంసం చేయించడం, లేదా ఒప్పుకునే వేరే దేశానికి మళ్లించడం.

శేషగిరి గారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతారు. ఫైలు ముందు పెట్టుకుని, ఎడమవైపు సంతకం ఎవరిదని అడిగారు. నాగమణి తనదేనంది.

"ఈ నమూనా అని నీకెవరు చెప్పారు?"

"నేను సందేహం అడిగానండి" అంది.

"ఎక్కడ రాశావు?"

ఆమె షీటు వైపు చూసింది. సందేహాల జాగా తెల్లగా ఉంది. తర్వాత నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. ఆ రోజు నేను నోరు విప్పలేదు. భయమో, పరువో, పదకొండేళ్ల పేరో, ఇప్పుడు ఏ పేరు పెట్టుకున్నా జరిగింది అదే. నా సంతకం కూడా ఆ కాగితం మీదుంది. కానీ ఎడమవైపు తప్పు చేసింది, కుడివైపు నమ్మి సంతకం పెట్టింది అన్నట్టుగా మాట నడిచింది. నడవనిచ్చాను. శేషగిరి గారు ఆమెను బయటికి పంపించి, ప్రొబేషన్ ముగించేద్దామని, దిద్దుబాటు నివేదిక రాసి, దాంతోపాటు ఉత్తరం కూడా సిద్ధం చేయమని నాకే చెప్పారు. మూడు రోజుల గడువిచ్చారు.

దిద్దుబాటు నివేదిక అంటే మా వృత్తిలో తప్పు జరిగిన ప్రతిసారీ రాయాల్సిన పత్రం. ఏం జరిగింది, మూల కారణం ఏమిటి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు. మూల కారణం దగ్గర 'మనిషి పొరపాటు' అని రాసుకొచ్చిన సూపర్‌వైజర్లను నేను ఎంతమందిని వెనక్కి పంపానో. మనిషి పొరపాటు అంటే కారణం దొరకలేదని అర్థం, ఎందుకు అని ఐదుసార్లు అడగండి, అప్పుడు దొరుకుతుంది అని పాఠం చెప్పేవాణ్ణి. ఐస్ తగ్గిందా, ఎందుకు? మోటారు ఆగింది. ఎందుకు? ఇలా అడుగుతూ పోవాలి.

మూడో రోజు ఆ పత్రం ముందు పెట్టుకున్నాను. తప్పు నమూనా ఎందుకు వెళ్లింది? బెల్‌ఫాస్ట్ బ్రిటన్ కింద ఉందనుకున్నారు కాబట్టి. అనుమానం ఎవరికీ ఎందుకు రాలేదు? వచ్చింది. మరి ఎందుకు కనుక్కోలేదు? మేనేజరు అవసరం లేదన్నాడు. ఎందుకన్నాడు? అన్నీ తెలుసనుకున్నాడు. ఆ అనుమానం ఫైలులో ఎందుకు లేదు? మేనేజరు చెరిపేశాడు. ఐదో ఎందుకు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఇతరులకు వేసిన ప్రశ్నలు నా మీదికే వస్తే ఎలా ఉంటుందో తెలిసింది. చాలా సిగ్గేసింది. పని మానేసి రైలెక్కేద్దామా అనిపించింది. కానీ పాసింజరుకు ఇంకా రెండు గంటల టైముంది. ఆ రెండు గంటల్లో నివేదిక పూర్తిచేసి సంతకం పెట్టాను. నాగమణి ఉత్తరం మాత్రం రాయలేదు.

శేషగిరి గారు నివేదిక రెండుసార్లు చదివారు. ఫైలు మూసి, "ఇది మీరు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ మస్తాన్ గారు" అన్నారు.

"నాగమణికి తెలుసండి" అన్నాను.

నాకు మెమో వచ్చింది, పత్రాల విభాగం నా చేతిలోంచి పోయింది. నాణ్యతా విభాగంలో ఉండనిచ్చారు. నాగమణి ఉద్యోగం ఖాయమైంది. ఏడాది తిరక్కుండా పత్రాల విభాగం ఆమెకే ఇచ్చారు. నేను వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె కంప్యూటర్ మీంచి చేతులు తీసి, మర్యాదగానే చెప్పింది.

"మీరు చెప్తారనే ఆ రోజు అనుకున్నానండి. మర్నాటికి అనుకోవడం మానేశాను సార్."

తల ఊపి నా గదికి తిరిగొచ్చాను.

సరుకు ఏమైందో చెప్పాలి. దాన్ని కాపాడింది కూడా నాగమణే. బెల్‌ఫాస్ట్‌కు చెల్లని కాగితం ఇంగ్లండుకు చెల్లుతుంది కదా, వేరే దేశానికి మళ్లించే దారి కింద లివర్‌పూల్ అడుగుదామని ఆమె అంది. అడిగారు. చాలా ఉత్తరాలు నడిచాక ఒప్పుకున్నారు. ఒకే రాణి పాలనలోని ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మా రొయ్యలు 'వేరే దేశానికి మళ్లింపు' అన్న ముద్రతో వెళ్లాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత విచిత్రమైన ముద్ర నేను చూడలేదు.

కొనుగోలుదారు మర్యాదస్తుడు, పోట్లాడలేదు. కానీ బెల్‌ఫాస్ట్ సరుకు మా దగ్గర కొనడం మానేసి, డబ్లిన్‌లో ఎవరి దగ్గరో తీసుకోవడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచైతే నేల మీదే, ఏ తనిఖీ లేకుండా వచ్చేస్తుంది. ఆ ఆర్డరు ఒక సైజు రొయ్యకు సంబంధించింది. దాన్ని ఒలిచేది మూడో టేబుల్ ఆడవాళ్లు. వాళ్లకు వారంలో రెండు రోజులు పని తగ్గింది. ఆ టేబుల్ మేస్త్రి మరియమ్మ ఒకరోజు నన్ను గేటు దగ్గర ఆపింది.

"ఏంటి సార్, ఎక్కడో వాళ్లు వాళ్లు విడిపోతే మా టేబుల్ ఎందుకు ఆపారు?"

విడిపోయింది వాళ్లేగానీ ఆ టేబుల్ ఆగడంలో నా చెయ్యి కూడా ఉందని చెప్పాను. ఆమెకు నమ్మకం కలగలేదు. సార్లు తప్పు చేస్తే కూలీలకు చెప్తారా అన్నట్టు నవ్వింది. కొన్నాళ్లకు వేరే దేశం ఆర్డరు వచ్చి ఆ టేబుల్ మళ్లీ నిండింది. మధ్యలో పోయిన రోజులు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మరుసటి ఏడాది మా దగ్గరే సరిహద్దులు మారాయి. కొత్త జిల్లాలు వచ్చాయి. రేపల్లె, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, మా తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పాసింజరు ఎక్కి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు ఉద్యోగానికి వెళ్లేవాణ్ణయ్యాను. శేషగిరి గారు గేటు బోర్డు మీద బాపట్ల జిల్లా అని రాయించి, అట్టపెట్టెల మీద చిరునామా కూడా మార్చమన్నారు. పెట్టె మీద ముద్రించే మాటలకు నాణ్యతా విభాగం అనుమతి కావాలి కాబట్టి ఆ షీటు నా దగ్గరికొచ్చింది. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లానే కదా అని సంతకం పెట్టబోయాను. కలం కాగితాన్ని తాకేసరికి, బెల్‌ఫాస్ట్ ఏ దేశంలో ఉందమ్మా అని నేనే అడిగిన ప్రశ్న చెవిలో వినిపించింది.

సంతకం పెట్టలేదు. సందేహాల జాగాలో, ఇంకుతో, చిరునామా మార్చవచ్చా అని రాసి, కింద తేదీ వేసి నాగమణికి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. నా ప్రశ్న కింద ఆమె కూడా ఇంకుతోనే రాసింది. విదేశాలు అనుమతించిన ప్లాంట్ల జాబితాలో మన చిరునామా గుంటూరు జిల్లా అని ఉంది, అక్కడ మార్పు నమోదయ్యే దాకా పెట్టెల మీద పాతదే ఉండాలి, మారిస్తే రేవులో ఆగిపోతాయి. అలా కొన్ని నెలలపాటు గేటు బయట మేం బాపట్ల జిల్లా, పెట్టెల మీద గుంటూరు జిల్లా. ఒక్క కంటైనరూ ఆగలేదు.

2023లో రిటైరయ్యాను. చివరి రోజు నా బీరువా ఖాళీచేస్తూ పాత ఫైళ్లన్నీ నాగమణికి అప్పగించాను. వాటిలో బెల్‌ఫాస్ట్‌కు ముందు పదకొండేళ్ల షీట్లూ ఉన్నాయి. ఆమె కొన్ని తిరగేసి చూసి, చాలా శుభ్రంగా ఉన్నాయి సార్ అంది. మెచ్చుకుందో, మరేదైనా అందో తెలియలేదు, అడగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ సంఘటన నుంచి నేను చెప్పగలిగింది కొంచెమే. ఒక దేశం ఒక కూటమిలోంచి బయటికొస్తే నష్టం ఎక్కువగా అక్కడి నాయకులకే అనుకుంటాం. ఆ నష్టం ఓడలెక్కి, మనం చూడని దారిలో వచ్చి, పాత పద్ధతి కంఠతా వచ్చినవాడి టేబుల్ మీద కూర్చుంటుంది. అక్కడ దాన్ని ఆపేది ఒక సందేహం. ఆ సందేహాన్ని రాయనివ్వాలి, ఉండనివ్వాలి. బెల్‌ఫాస్ట్ షీటులో ఏం చెరిపానో నాకు గుర్తుంది కాబట్టి చెప్పగలిగాను. అంతకుముందు పదకొండేళ్లలో ఎవరి ప్రశ్నలు ఎన్ని చెరిపానో, వాటిలో ఎన్ని సరైనవో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా నా రబ్బరే లేకుండా చేసింది.